18 నిండాయి, సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

మురళీనగర్ కుర్రాడు:
పోయిన నెల నాకు 18 నిండాయి. వారం తిరక్కుండానే రెండు సంతకాల గొడవ. పెందుర్తి దగ్గర తాతయ్య తన స్వార్జితం స్థలం నా చిన్నప్పుడే నాకు గిఫ్ట్ డీడ్ రాశారు. నాకు పన్నెండేళ్లప్పుడు నాన్న గార్డియన్‌గా సంతకం పెట్టి అందులో సగం అమ్మేశారు, అక్క పెళ్లి ఖర్చుకి. కోర్టు పర్మిషన్ తీసుకోలేదట. ఇప్పుడు కొన్నాయన ఇంటికొచ్చి, మేజర్‌వి అయ్యావు కదా, రాటిఫికేషన్ డీడ్ (అప్పటి అమ్మకం నాకు సమ్మతమే అనే కాగితం) మీద సంతకం పెట్టేయ్ బాబూ అంటున్నారు. రెండోది, మా సొంత మావయ్యకి సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కట్టారా లేదా అని చూపే మార్కు) బాలేదని ఫోన్ ఈఎంఐ నా పేరున తీసుకోమంటున్నారు. ఏది పెట్టొచ్చు?

మాధవధార మావయ్య:
మైనర్ సొంత స్థలాన్ని కోర్టు అనుమతి లేకుండా తండ్రి కూడా అమ్మకూడదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 8 అదే చెబుతుంది. అయితే ఆ అమ్మకం దానంతటదే రద్దయిపోదు, నువ్వు వద్దంటేనే పోతుంది, అందుకు నీకు మేజర్‌వి అయిన రోజు నుంచి 3 ఏళ్లు టైముంది, అంటే 21 నిండేలోపు. ఆ కొన్నాయన తొందర అందుకే. ఒకసారి సంతకం పెట్టావంటే మళ్లీ నోరెత్తడానికి ఉండదు. ముందు ఈసీ (ఆ స్థలం మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపే కాగితం) తీయించి, గిఫ్ట్ డీడ్, సేల్ డీడ్ రెండూ పట్టుకెళ్లి సివిల్ లాయర్‌కి చూపించు. స్వార్జితమో పిత్రార్జితమో ఆయన్నే తేల్చనీ, ఉమ్మడి ఆస్తి అయితే లెక్కే వేరు.

గాజువాక అక్క:
మావయ్య గారు చట్టం బాగానే చెప్పారు గానీ తమ్ముడూ, ఆ డబ్బుతో పెళ్లి చేసింది మీ అక్కకే కదా. కొన్నాయన అక్కడ ఇల్లు కట్టుకుని ఉంటే? కేసు వేయగలిగినంత మాత్రాన వేసేయాలని లేదు. నాన్నతో కూర్చుని మాట్లాడు, మిగతా సగం నీ పేరునే ఉందో లేదో చూసుకో, నాకైతే అసలు భయం అక్కడే.

బీచ్‌రోడ్డు బాబు:
ఈఎంఐ మాత్రం వద్దు బాబోయ్! మైనర్ చేసిన ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకి అన్నిటికన్నా పై కోర్టు) తేల్చింది, కాబట్టి నిన్నటిదాకా నీ సంతకానికి విలువ లేదు, ఇప్పుడుంది. మీ మావయ్య కట్టకపోతే ఫోన్లు నీకొస్తాయి, సిబిల్ నీది పోతుంది. నేను 19 ఏళ్లకి ఓ ఫ్రెండుకి నా బ్యాంక్ అకౌంట్, ఏటీఎం కార్డు ఇచ్చాను, వారం వాడుకుంటానంటే. ఎక్కడో ఎవరినో మోసం చేసిన డబ్బు అందులో పడిందట. అకౌంట్ ఫ్రీజ్, సైబర్ పోలీసుల నోటీసు, ఇంట్లో అమ్మ ఏడుపు, ఆర్నెల్లు తిరిగాను. అన్నట్టు ఓటుకి ఫారం 6 పెట్టావా? నీ మైనర్ అకౌంట్ మార్పించావా? పార్టీ అంటూ బీరుకి బయల్దేరకు, మన రాష్ట్రంలో దానికి 21 నిండాలి.

మురళీనగర్ కుర్రాడు:
బీరు సంగతి తెలుసులే అన్నా. ఈఎంఐ అడిగిన మా మావయ్యకి కుదరదని చెప్పేశాను, అలిగారు. ఈసీలో చూస్తే మిగతా సగం నా పేరునే ఉంది అక్కా. శనివారం నాన్నా నేనూ లాయర్ దగ్గరికి వెళ్తున్నాం, ముందు కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ కాగితాలన్నీ ఆయనే వెతికి ఇచ్చారు.