34 ఏళ్లకి టీచింగ్‌లోకి మారడం కుదిరే పనేనా?

పదకొండేళ్లుగా అకౌంట్స్‌లో ఉన్నాను, ఉద్యోగం మీద పెద్ద కంప్లైంట్ ఏమీ లేదు. కానీ పోయిన ఏడాది మా అక్క కూతురికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాక నాకేదో అయింది. 1/3 కన్నా 1/4 పెద్దదంటుంది, ఎందుకే అంటే "3 కన్నా 4 పెద్దది కదా మామయ్యా" అంది. తప్పని చెప్పకుండా రెండు ఒకే సైజు కాగితాలిచ్చి ఒకటి మూడు సమాన ముక్కలు, ఇంకోటి నాలుగు చేయమన్నాను. ఒక్కో ముక్క పక్కపక్కన పెట్టి కాసేపు చూసి, "ఓ, ఎక్కువమంది పంచుకుంటే తక్కువొస్తుంది" అని తనే తేల్చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. అసలు కాలేజీలో పరీక్షల ముందు ఫ్రెండ్స్ అందరికీ చెప్పింది కూడా నేనే, అప్పుడెందుకు తట్టలేదో!

నా టెన్షన్ ఏంటంటే, ఒక్క పిల్లకి చెప్పడం వేరు, నలభై మంది ఉన్న క్లాసు వేరు. పేపర్లు దిద్దడం, సిలబస్ పరుగులు, పేరెంట్స్ గొడవల మధ్య ఈ ఇష్టం నిలుస్తుందా? ఇలా మధ్యలో మారినవాళ్లుంటే చెప్పండి, ఉద్యోగం మానేసి ట్రైనింగ్‌లో చేరారా, లేక ముందు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి చూసుకున్నారా? మొదటి ఏడాది ఎలా గడిచింది? జీతం తగ్గుతుందని మాత్రం భయపెట్టకండి, ఆ పని ఇంట్లోవాళ్లు బాగానే చేస్తున్నారు.