పత్తి జాతి పుట్టుకలో క్వాంటం యాదృచ్ఛికతకు చోటుందా?

గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తాను. భౌతికశాస్త్రం తెలిసినవారి సహాయం కోరుతున్నాను. మా నల్లరేగడి చేలలో పండే పత్తి చాలావరకు 52 క్రోమోజోములున్న అమెరికన్ జాతి. 26 చొప్పున క్రోమోజోములున్న రెండు వేర్వేరు జాతులు సుమారు 10–20 లక్షల ఏళ్ల క్రితం సంకరమై, ఆ సంఖ్య రెట్టింపు కావడంతో దాని వంశం మొదలైంది. ఆ రెట్టింపు జరిగి తీరవలసిందేనా అని ఒక విద్యార్థిని అడిగింది.

ఉత్పరివర్తనం (జన్యుపదార్థంలో వచ్చే మార్పు) యాదృచ్ఛికమంటే జీవి అవసరంతో నిమిత్తం లేకుండా వస్తుందని మాత్రమే మా అర్థం. అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయనే నియతివాదానికి దానితో పేచీ లేదు. అయితే డీఎన్ఏలో ప్రోటాన్ టన్నెలింగ్ (చాలినంత శక్తి లేకున్నా ప్రోటాన్ అడ్డంకిని దాటడం) వల్ల ఉత్పరివర్తనాలు రావచ్చని 1963లో క్వాంటం రసాయన శాస్త్రవేత్త లోవ్డిన్ ప్రతిపాదించారు. క్వాంటం సిద్ధాంతానికి చెప్పే మూడు అర్థాలు తీసుకుంటే, అటువంటి ఘటన కోపెన్‌హాగన్ వ్యాఖ్యానంలో నిజమైన యాదృచ్ఛికత, 1952 నాటి బోమ్ సిద్ధాంతంలో ముందే నిర్ణయమైనది, ఎవరెట్ దృష్టిలో అన్ని ఫలితాలూ వేర్వేరు శాఖల్లో జరిగేవే. బెల్ సిద్ధాంతం స్థానిక గుప్త చరరాశులకే (దూరపు ఘటనల తక్షణ ప్రభావం సోకని, ఫలితాన్ని ముందే నిర్ణయించే కనిపించని రాశులకే) అడ్డుపడింది, బోమ్‌వి స్థానికం కావు కనుక బోమ్ దారి మూసుకుపోలేదని నా అవగాహన.

ఈ మూడింటి ప్రయోగ ఫలితాలూ ఒకటే అయినప్పుడు, జాతుల ఆవిర్భావాన్ని వివరించడంలో ఏది ఎంచుకున్నా తేడా ఉంటుందా? ముఖ్యంగా, వెచ్చగా, తడిగా ఉండే కణంలో డీకోహెరెన్స్ (పరిసరాలతో తాకిడి వల్ల క్వాంటం ప్రభావాలు చెదిరిపోవడం) ఎంతో వేగంగా జరుగుతుండగా, క్రోమోజోములంత పెద్ద వస్తువుల విభజన తప్పడంలో క్వాంటం అనిశ్చితి పాత్ర ఎంత? తత్త్వచర్చ కన్నా, స్థూలంగానైనా లెక్క కట్టి చూపగలిగితే తరగతిలో చెప్పుకోవడానికి వీలవుతుంది.