నొప్పి లేదన్నారని పక్కన కూర్చోబెట్టారు: చెన్నై ఎమర్జెన్సీల్లో మీ అనుభవం?

పెరంబూరు అమ్మాయి:
నిన్న రాత్రి నాన్నగారికి ఉన్నట్టుండి ఆయాసం, ఒళ్లంతా చెమటలు. ఛాతీ నొప్పి మాత్రం లేదన్నారు. దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్తే, పేరు నమోదు చేయించి డబ్బు కట్టి రమ్మన్నారు. చేయి బెణికిన కుర్రాడు ముందు వచ్చాడని అతన్నే ముందు పిలిచారు. షుగర్ ఉందని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. చివరికి ఈసీజీ తీశాక అందరూ పరుగులు పెట్టారు. ఇప్పుడు ఐసీయూలో ఉన్నారు.

ఎమర్జెన్సీ నర్సు:
నాన్నగారు త్వరగా కోలుకోవాలమ్మా. షుగర్ ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండానే రావచ్చు. అనుమానం ఉంటే వచ్చిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీసి డాక్టరుకు చూపించాలి. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీఏఈఐ (తమిళనాడు ప్రభుత్వ ప్రమాద, అత్యవసర చికిత్స) కార్యక్రమం కింద రోగులను తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని విడదీస్తారు; అందరికన్నా ప్రమాదంలో ఉన్న ఎరుపు వారు వరుసలో ఆగాల్సిన పని ఉండదు. కౌంటరులో బిల్లు రాసేవారికి ఈ తేడా ఎలా తెలుస్తుంది? ఒకరు డబ్బు కడుతుండగా మరొకరు నేరుగా నర్సు దగ్గరకు వెళ్లి ఆయాసం, చెమటలు, షుగర్, ఎప్పుడు మొదలైందీ చెప్పండి. పక్షవాతమైతే ఆ సమయం మరీ ముఖ్యం. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

తాంబరం నివాసి:
మా అమ్మను జ్వరంతో తీసుకువెళ్లినప్పుడు ప్రమాదంలో గాయపడిన అబ్బాయిని ముందు లోపలికి తీసుకువెళ్లారు. అది న్యాయమే. నా బాధల్లా, కూర్చోబెట్టాక మళ్లీ ఎవరూ వచ్చి చూడకపోవడం. బెంచీ మీదే ఆమె మాట తడబడింది. నేను కేకలు వేస్తే గానీ బీపీ చూడలేదు. ఒకసారి ఆకుపచ్చ అనుకున్న మనిషి గంటలో ఎరుపు కాకూడదా?

ఎమర్జెన్సీ నర్సు:
తప్పకుండా కావచ్చు. వేచి ఉన్నవారిని మళ్లీ మళ్లీ చూడాలి. రాత్రిపూట మనుషులు చాలక మొదట వదిలేసేది ఆ పనే. మాట, శ్వాస, స్పృహ మారితే మొహమాటపడకండి, గట్టిగా పిలవండి.

హైకోర్టు వకీలు:
డబ్బు సంగతి. పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు, ప్రాణం కాపాడటం ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి డాక్టరు బాధ్యత అని చెప్పింది. తమిళనాడులో రోడ్డు ప్రమాదమైతే, 2021 డిసెంబరులో మొదలైన పథకం కింద ఏ రాష్ట్రం వారికైనా, అందులో చేరిన ఆసుపత్రుల్లో తొలి 48 గంటల చికిత్సకు నిర్ణీత పరిమితి వరకు ఖర్చు ప్రభుత్వానిదే. ఆంధ్రా నుంచి వచ్చిన మన బంధువులకు ఇది చెప్పండి. పెరంబూరు అమ్మా, నమోదు చీటీ మీదా ఈసీజీ కాగితం మీదా సమయం అచ్చవుతుంది. రెండూ జతచేసి రాతపూర్వకంగా వివరణ అడగండి.

పెరంబూరు అమ్మాయి:
రెండూ నా దగ్గర ఉన్నాయండీ. రేపు ఉదయం ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుంటాను.