టూర్ ఉద్యోగం, లాడ్జీ బతుకు: కసరత్తు మానకుండా ఎలా నెట్టుకొస్తున్నారు?

నాగావళి_రెప్:
అందరికీ నమస్కారం. మెడికల్ రెప్‌ని, హెడ్‌క్వార్టర్ ఒడిశాలో రాయగడ. గుణుపురం, మునిగుడ అయితే పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి చేరిపోతాను గానీ కోరాపుట్, జయపురం, నవరంగపూర్ వైపు లైన్ పడితే వరసగా నాలుగు రాత్రుళ్లు లాడ్జీలోనే. ఇంట్లో ఉన్నన్నాళ్లూ జిమ్ బాగానే సాగుతుంది. పొట్ట తగ్గాలి, స్క్వాట్ బరువు పెరగాలి, నా టార్గెట్లు ఈ రెండే. టూర్ మొదలైతే చాలు, అంతా గాలికి పోతుంది. క్లినిక్ దగ్గర పేషెంట్లందరూ అయ్యి మా వంతు వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఆ తర్వాత తెరిచి ఉండేది ధాబా ఒక్కటే, పొద్దున బస్టాండు దగ్గర పూరీ, లేకపోతే బరా ఘుగుని. తిరిగొచ్చి బరువు చూసుకుంటే రెండు కిలోలు ఎక్కువ, దాంతో ఇక ఆ వారం జిమ్ మొహం చూడబుద్ధి కాదు. పొద్దున్నే లేచి పరిగెత్తు అనేవాళ్లు నాకు ఇంట్లోనే ఉన్నారు. తిరుగుడు ఉద్యోగాల్లో ఉంటూ నిజంగా చేస్తున్నవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి. డిసిప్లిన్ లేదని తిట్టినా పర్లేదు, తిట్టాక ఉపాయం చెప్పండి.

కేకే_లైన్_బండి:
తమ్ముడూ, నేను రైల్వేలో రన్నింగ్ స్టాఫ్‌ని. కాల్ ఎప్పుడొస్తుందో మాకే తెలీదు, ఒకరోజు అర్ధరాత్రి సైన్ ఆన్ (డ్యూటీ ఎక్కడం), ఇంకోరోజు మధ్యాహ్నం. ఆరింటికి వ్యాయామం అని రాసిపెట్టుకుంటే మాలో ఒక్కడికీ కుదరదు. అందుకని నేను స్నానానికి ముడిపెట్టేశాను. ఏ ఊళ్లో రన్నింగ్ రూమ్‌లో (మా స్టాఫ్ విశ్రాంతి గది) దిగినా, టైమ్ ఎంతైనా స్నానం తప్పదు కదా, దానికి ముందు దండీలు, బస్కీలు, ఓ పదిహేను నిమిషాలు. రాత్రంతా బండి నడిపి దిగిన రోజు మాత్రం ముందు పడకే, లేచాకే మిగతావన్నీ. నిద్ర లేని ఒంటితో కసరత్తు చేస్తే నడుము పట్టేస్తుంది, అందులో గొప్పేమీ లేదు.

ఇక ఆ రెండు కిలోల సంగతి. కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. రెండు కిలోలు నిజంగా కొవ్వే అయితే నువ్వు ఆ నాలుగు రోజుల్లో మామూలు తిండి కాకుండా ఇంకో 15 వేల కేలరీలు తినుండాలి, ఎంత ధాబా అయినా అది అయ్యే పని కాదు. అందులో ఎక్కువ భాగం నీరు. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, పైగా అన్నం, పూరీ ఎక్కువ తిన్నప్పుడు కండరాల్లో చేరే గ్లైకోజెన్ (నిల్వ ఉండే పిండిపదార్థం) గ్రాముకి మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుంటుంది. ఇంటికొచ్చిన రోజు వెయింగ్ మిషన్ ఎక్కకు, ఇంటి తిండి తిన్నాక మూడో రోజు పొద్దున ఎక్కు.

స్క్వాట్ కూడా టూర్లో పెంచాలని చూడకు, ఉన్నది నిలబెట్టుకో. సంపాదించిన బలం వారం రోజులకి ఎక్కడికీ పోదు (ఆయాసం లేకుండా పరిగెత్తే దమ్ము మాత్రం త్వరగా తగ్గుతుంది). లాడ్జీ వరండాలో 20 లీటర్ల నీళ్ల క్యాన్లు పెడతారు చూడు, ఒకటి గదిలోకి తెచ్చుకుని గుండెకి హత్తుకుని, పూర్తిగా కిందకి కూర్చుని లే. ఇరవై కిలోలే కదా అనిపిస్తుంది గానీ లోపల నీళ్లు ఊగుతుంటే పది సార్లకే తొడలు వణుకుతాయి. సీలు ఉన్న క్యాన్ తీసుకో, లేకపోతే గది తుడుచుకునే పని కూడా తగులుకుంటుంది.

ఇన్‌స్పెక్షన్_మేడమ్:
బ్యాంకు ఇన్‌స్పెక్షన్ డ్యూటీ మీద నేనూ ఇదే లైన్లో తిరుగుతాను. జయపురం వెళితే జగన్నాథ సాగర్ గట్టు మీద మార్నింగ్ వాక్ చెయ్యి అని అందరూ సలహా ఇస్తారు. చోటు బాగుంటుంది, కాదనను, కానీ తెలియని ఊళ్లో చీకటితో ఆడమనిషి ఒక్కతే బయటికి వెళ్లడం గురించి ఆ సలహా ఇచ్చేవాళ్లు ఒక్కసారి కూడా ఆలోచించరు. నాది మొత్తం గదిలోనే. ఒక రెసిస్టెన్స్ బ్యాండు (సాగదీసి లాగే రబ్బరు పట్టీ), బ్యాగులో చీర మడతంత చోటు కూడా పట్టదు. దాన్ని తలుపు గడియకి తగిలించొద్దు, ఆ గడియలు ఊడి చేతికొస్తాయి. మంచం కోడుకి కట్టి, కింద కూర్చుని వెనక్కి లాగితే వీపుకి సరిపోతుంది, దండీలకి అందనిది ఆ వీపే. స్కిప్పింగ్ తాడు కూడా పెట్టుకునేదాన్ని, కింది గదివాళ్లు రిసెప్షన్‌కి ఫోన్ చేశాక మానేశాను.

నడకకి విడిగా టైమ్ వెతకను. వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అదంతా ఒక్క విడతలో కానక్కర్లేదు. బస్సు కోసం నిలబడే టైమంతా స్టాండులో అటూ ఇటూ తిరుగుతాను, ఈ రూట్లలో బస్సుల సంగతి తెలిసిందే కాబట్టి నడకకి లోటుండదు.

ఇంకో మాట. బయట పరిగెత్తేవాళ్లు తెల్లవారకముందే నిక్కర్లేసుకుని బయలుదేరొద్దు. మలేరియా ఉన్న ప్రాంతం ఇది, ఆ దోమ కుట్టేది రాత్రి నుంచి తెల్లవారే దాకా. వెలుతురు వచ్చాక వెళ్లండి, లేదా నిండుగా బట్టలు వేసుకోండి.

కిమిడి_తాత:
బాబూ, మీ బ్యాండులూ మిషన్లూ నాకు తెలీవు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు మనకి ఇక్కడే వీరఘట్టంలో పుట్టారు, సొంత సర్కస్ పెట్టి ఊరూరా తిరిగారు, ఆఖరికి 1942లో బలంగీర్‌లో పోయారు. తిరిగిన ప్రతి ఊళ్లోనూ ఆయనకి జిమ్ ఎవడు కట్టించాడు? దండీలు, బస్కీలు అని పై అబ్బాయి చెప్పింది సరైన మాట. తిండి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ బస్టాండు పూరీ మానేసి చోడి (రాగి) అంబలి తాగు. కోరాపుట్ సంతల్లో మండియా పేజ్ అని అడిగితే డొప్పలో పోసిస్తారు, మధ్యాహ్నం దాకా ఆకలుండదు.

ప్రొటీన్_లెక్కలు:
తాతగారూ, అంబలి విషయంలో మీతోనే ఉన్నాను, పూరీ కన్నా ఎంతో మేలు, చోళ్లలో కాల్షియం కూడా బాగా ఉంటుంది. కానీ అదొక్కటే తాగి కండ పెరుగుతుందనుకుంటే కుదరదండీ. 100 గ్రాముల చోడిపిండిలో ప్రొటీన్ 7 గ్రాములే, పల్చటి అంబలి గ్లాసులో ఆ పిండి ఎంతుంటుందో మీకే తెలుసు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికి 58 గ్రాములు. బరువులెత్తే వాళ్లకి ఇంకా ఎక్కువ కావాలి. గుడ్డుకి ఆరు గ్రాములు వేసుకోండి, వేయించిన శనగలు 100 గ్రాములకి 20 దాకా వస్తాయి.

రెప్ గారూ, మీ అసలు చిక్కు పొద్దున పూరీ కాదు, రాత్రి పదింటి ఆకలి. క్లినిక్ బయట ఏడింటి నుంచి ఊరికే కూర్చునే ఉంటారు కదా, అప్పుడే రెండు ఉడకబెట్టిన గుడ్లు, గుప్పెడు శనగలు తినేయండి. సగం భోజనం అక్కడే అయిపోతే ధాబాలో రెండు రోటీలు, దాల్‌తో లేచి రాగలరు. ఖాళీ కడుపుతో ధాబాలోకి వెళ్లి అదుపులో తినడం ఎవరి వల్లా కాదు, నా వల్ల కూడా కాదు.

నాగావళి_రెప్:
స్నానానికి ముడిపెట్టడం, ఏడింటి గుడ్లు, ఈ రెండూ రేపటి నుంచే. ఒక్కటి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. జయపురంలో మా కంపెనీ మందులు హోల్‌సేల్‌గా కొనే స్టాకిస్ట్ గారు ఆర్డర్ ఇచ్చిన రోజు రాత్రి కూర్చోబెడతారు, మందు, చికెన్ పకోడీ. వద్దంటే ఆయన మొహం మాడిపోతుంది, తాగితే మర్నాడు నేను లేవలేను.

కేకే_లైన్_బండి:
మాకు సైన్ ఆన్ దగ్గర బ్రీత్ ఎనలైజర్ ఊదాలి, అడిగినవాడికి అదొక్క మాట చెబితే చాలు. నీకు ఆ సౌకర్యం లేదు పాపం. 60 ఎమ్మెల్ విస్కీ సుమారు 140 కేలరీలు, దానికన్నా పకోడీది, చెడిన నిద్రది ఎక్కువ నష్టం.

ఇన్‌స్పెక్షన్_మేడమ్:
మర్నాడు పొద్దున్నే బ్లడ్ టెస్ట్ ఉందని, మందూ నూనె వస్తువులూ వద్దన్నారని చెప్పండి. మందుల వ్యాపారం చేసే మనిషి, ఆ మాటకి కాదనరు. ప్రతి నెలా అదే టెస్ట్ అంటే నమ్మరు కాబట్టి ఒక నెల సోడా గ్లాసు పట్టుకుని కూర్చోండి, ఇంకో నెల ఆర్డర్‌కి పొద్దున పూట వెళ్లండి. బ్యాండు మాత్రం రాయగడలోనే కొనుక్కుని బయలుదేరండి. మరీ గట్టిది కాకుండా మధ్య రకం తీసుకోండి, మంచం కదలదు.