విదేశీ కస్టమర్లు: పేపాల్ తీసుకోవాలా, బ్యాంకులో పడితేనే అనాలా?

లాడ్‌బజార్_గాజులు:
లక్క గాజులు, ముత్యాల దండలు కావాలని అమెరికా, ఆస్ట్రేలియా నుంచి అడుగుతున్నారు. అందరిదీ ఒకటే మాట, కార్డుతో ఆన్‌లైన్‌లో కట్టే పేపాల్ లింకు పంపమని. కట్టిన రోజు నుంచి 180 రోజుల దాకా డిస్ప్యూట్, అంటే డబ్బు వెనక్కిమ్మని ఫిర్యాదు, వేయొచ్చట కదా. ముందు బ్యాంకులో పడితేనే పార్శిల్ కదులుతుందని తేల్చి చెప్పేస్తే నష్టమా?

బేగంబజార్_పాతకాపు:
నష్టమేం లేదు తమ్ముడూ, అట్లనే చెప్పు. స్విఫ్ట్‌ల, అంటే విదేశీ బ్యాంకు నుంచి మన బ్యాంకుకు, వచ్చిన పైసలు అకౌంటుల పడ్డంక, అవతలి బ్యాంకు వాపస్ అడిగినా మామూలుగా నువ్వు ఒప్పుకుంటేనే పోతయి. కార్డు పైసలు అట్ల కాదు, సరుకు పోయినంక కూడా గుంజుకుంటరు. సరుకు ఎగుమతికి అడ్వాన్సు కాబట్టి, పైసలు ఎందుకొచ్చినయో బ్యాంకుకు చెప్పే పర్పస్ కోడ్ పీ0103. వాట్సాప్‌ల పంపే స్విఫ్ట్ కాపీని నమ్మకు, స్టేట్‌మెంటుల క్రెడిట్ కనబడేదాకా డబ్బాకు టేపు గూడ ఎయ్యకు. విదేశీ చెక్కు అసలే వద్దు. జమ అయినట్టే ఉండి వారాల తర్వాత తిరిగొస్తది.

పార్శిల్_పంతులు:
40 డాలర్ల గాజులకు వైర్, అదే ఆ బ్యాంకు బదిలీ, ఎవరు చేస్తారండీ? అక్కడి బ్యాంకులు తీసుకునే చార్జీయే ఇంచుమించు అంత. పేపాల్‌లో అమ్మేవాడికీ రక్షణ ఉంది, షరతులు తప్పకూడదంతే. లావాదేవీ పేజీలో ఉన్న అడ్రసుకే పంపాలి. ‘ఇల్లు మారాం’ అని చాట్‌లో వేరే అడ్రసు వస్తే డబ్బు రిఫండ్ చేసి, కొత్త అడ్రసుతో మళ్లీ కట్టించుకోండి. ట్రాకింగ్‌లో డెలివరీ కనపడాలి. 750 డాలర్లు, ఆపైన అయితే సంతకం కూడా ఉండాలి. మా మనిషొచ్చి తీసుకెళ్తాడంటే ఒప్పుకోవద్దు, అందినట్టు రుజువుండదు.

ఈ రక్షణ ‘అందలేదు’, ‘నేను కట్టలేదు’ అనే కేసులకే. ‘చెప్పినట్టు లేదు’ అంటే వర్తించదు, గాజులకు దెబ్బ తగిలేది అక్కడే. మన గాజుల సైజు 2.6 అంటే రెండంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, లోపలి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు. అక్కడివాళ్లు 2.6 అంగుళాలే అనుకుంటే 66 అవుతుంది. గాజు చెయ్యెక్కదు, కేసు పడుతుంది. లిస్టింగులోనే 2.4కి 57.2, 2.6కి 60.3, 2.8కి 63.5 అని మిల్లీమీటర్లలో రాసి, గాజు మీద స్కేలు పెట్టి ఫొటో తీయండి. లక్క వేడికి మెత్తబడుతుంది, కుదుపుకి రాళ్లూడతాయి. గాజుల మధ్యలో అట్ట గొట్టం దూర్చి, జత జతకీ కాగితం చుట్టి, మూసేముందు వీడియో తీసిపెట్టుకోండి.

బేగంబజార్_పాతకాపు:
పంతులుగారూ, ఫొటోల ఉన్న రంగు లేదంటే మీ స్కేలు ఏం చేస్తది?

పార్శిల్_పంతులు:
ఏమీ చేయదు, నిజమే. కానీ డిస్ప్యూట్ వేసిన 20 రోజుల్లో వాళ్లు దాన్ని క్లెయిముగా, అంటే పేపాలే తేల్చే కేసుగా, మార్చకపోతే మూసేస్తారు. ఆలోపు పగటి వెలుతురులో తీసిన ఫొటో చూపించి, కొంత తగ్గిస్తామంటే చాలావరకు తెమిలిపోతుంది. ఆ ఖర్చు ధరలోనే కలుపుకోవాలి.

సుల్తాన్‌బజార్_ఆడిటర్:
డబ్బు సంగతే మాట్లాడుతున్నారు, సుంకం ఎవరిది? అమెరికా 800 డాలర్ల దాకా ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసింది. చిన్న పార్శిలుకూ సుంకం పడుతుంది. కొన్నవాళ్లు కట్టమంటే పార్శిల్ అక్కడే ఆగుతుంది, తిరుగు రవాణా మీ నెత్తిన పడుతుంది. కాబట్టి సుంకంతో కలిపి ధర చెప్పి, కొరియర్‌లో పంపేవాళ్లే కట్టే పద్ధతి ఎంచుకోండి. సుంకం తప్పించుకోవడానికి ‘గిఫ్ట్ అని రాయండి’ అంటే మాత్రం వద్దు. షిప్పింగ్ బిల్లులో 20 డాలర్లు, బ్యాంకులో 200 పడితే లెక్క కుదరదు, పార్శిల్ పోయినా బీమా 20కే. 500 రూపాయల ఐఈసీ (ఎగుమతిదారు నంబరు), కస్టమ్స్‌లో నమోదు చేసే బ్యాంకు ఏడీ కోడ్, జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఏటా ఇచ్చే హామీపత్రం ఎల్‌యూటీ... ఇవి లేకుండా ఈ చర్చే దండగ.

లాడ్‌బజార్_గాజులు:
ఇంకొకటి. 300 డాలర్ల ఆర్డరుకు 700 కట్టేసి, మిగతాది మా షిప్పింగ్ ఏజెంటుకు పంపండి అంటే?

బేగంబజార్_పాతకాపు:
దొంగ కార్డు. ఏజెంటుకు ఒక్క రూపాయి పంపకు.

పార్శిల్_పంతులు:
ఇందులో మాత్రం అన్న మాటే నాది. ఆర్డరు రద్దు చేసి, ఆ పేపాల్ లావాదేవీ మీదే మొత్తం 700 రిఫండ్ కొట్టండి, విడిగా బ్యాంకు నుంచి పంపొద్దు.

బేగంబజార్_పాతకాపు:
చూసినవా, వైర్ అడిగితే వీడు మొదట్నే మాయమైతుండె.

పార్శిల్_పంతులు:
వాడితోపాటు 40 డాలర్ల కస్టమర్లందరూ కూడా, అన్నా.