ఫెజ్ పాత నగరం: గైడ్ కావాలా, అక్కర్లేదా?

గోదారిగట్టు: మొరాకోలో ఫెజ్ పాత నగరానికి గైడ్ లేకుండా వెళ్లొద్దని అందరూ భయపెడతారు. నేను ఒప్పుకోను. బాబ్ బూ జెలూద్ దర్వాజా దగ్గర మొదలయ్యే తలా కబీరా బజారు వీధి పల్లానికి దిగుతుంది. అలాగే దిగుతూ పోతే కరవియ్యీన్ మసీదు దరిదాపులకు చేరతాం, ఎదురెక్కితే మళ్లీ దర్వాజా. గైడ్ వెనక పరుగెడితే అతని వీపు తప్ప ఏం కనబడుతుంది?

చార్మినార్‌చాయ్: అంత తేలిక కాదన్నా. పక్క సందులోకి తిరిగితే ఎత్తు గోడల మధ్య ఫోన్లో మ్యాప్ తికమకపడుతుంది. కార్లు పట్టని దారులు. "బాలక్!" అని కేక వినబడగానే గోడకి అతుక్కోవాలి, వెనక బరువులతో కంచర గాడిద వస్తుంటుంది. పైగా వీధి మొదట్లోని బూ ఇనానియా మదర్సా 14వ శతాబ్దానిది. దాని దగ్గర్లోనే ఉన్న ఆ నీలి పలకల దర్వాజా 1913లో ఫ్రెంచివాళ్ల హయాంలో కట్టింది. చెప్పేవాళ్లు లేకపోతే రెండూ ఒకే కాలానివనుకుంటాం.

గోదారిగట్టు: అది పుస్తకంలో చదువుకోవచ్చు తమ్ముడూ. కరవియ్యీన్ మసీదులోకి ముస్లిమేతరులను రానివ్వరు, గైడ్ ఉన్నా గుమ్మం బయటినుంచి చూడాల్సిందే. ఇక కమిషన్ సంగతి? షాపుల్లో మనం కొన్నదాంట్లో గైడ్‌కి వాటా. "షాపులు వద్దు" అని ముందే మాట్లాడుకున్నా, నన్ను కార్పెట్ల కొట్టులో కూర్చోబెట్టి పుదీనా టీ తాగించారు.

ఎర్రమందారం: లైసెన్సున్న గైడ్‌నీ, "ఆ దారి మూసేశారు, ఇటు రండి" అని వెంటపడే కుర్రాళ్లనీ ఒకే గాట కట్టకండి. చువారాలో తోళ్లు నానబెట్టే లందలు చూడాలంటే ఎలాగూ తోలు కొట్ల మేడ ఎక్కాలి. సున్నం, పావురాల రెట్టల కంపుకి చేతిలో పుదీనా రెమ్మ పెడతారు, దిగేటప్పుడు జాకెట్లు చూపిస్తారు. ఒంటరిగా వెళ్లినా ఆ బేరం తప్పదు.

అసలు నేను గైడ్‌ని పెట్టుకున్నది చరిత్ర కోసం కాదండీ. ఒంటరి ఆడమనిషిని. దారి తప్పడం మీకు సరదా, నాకు టెన్షన్. అతను పక్కనుంటే వెంటపడేవాళ్లు తగ్గారు.

గోదారిగట్టు: మీ మాట కాదనలేనండీ. కానీ శుక్రవారం మధ్యాహ్నం వెళ్లి చూడండి, చాలా కొట్లు మూసుంటాయి, ఎవరూ పిలవరు.

ఎర్రమందారం: వెళ్లాను. జనం లేని సందుల్లోనే ఎక్కువ భయమేసింది.

చార్మినార్‌చాయ్: సరే అక్కా, గైడ్ ఖాయం. మరి సెఫారీన్ చౌక్‌లో రాగి బిందెలు కొట్టేవాళ్ల దగ్గర ఓ గంట కూర్చుంటానంటే ఊరుకుంటాడా, "పదండి పదండి" అంటాడా?