మాటలు రావడమా, నేర్వడమా?

పర్లాకిమిడి నుంచి:
గుంటడికి పళ్ళొచ్చాయి, నడకొచ్చింది, మాటలొచ్చాయి. అన్నిటికీ ఒకటే క్రియ. వాడేం చేసినట్టూ ఉండదు, వాడికి అవి వస్తాయి, అంతే. అదే "మాటలు నేర్చాడు" అంటే అర్థం మారిపోతుంది. మొన్న మా మనవడు నన్ను "తాతవి అన్నీ అబద్ధాలే" అంటే మా ఆవిడ "బాగా మాటలు నేర్చావురా" అంది. అది మెచ్చుకోలు కాదు కదా! మాటలు నేర్చిన కుక్క ఉస్కో అంటే ఉస్కో అందన్న సామెతలోనూ ఇదే ఎత్తిపొడుపు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, ఆ గుంటడికే రెండేళ్ళు దాటినా మాటలు రాలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. చూపించిన డాక్టరుగారు చెవులు వినపడుతున్నాయో లేదో కూడా చూడకుండా, "రెండు భాషలతో తికమకపడుతున్నాడు, ఒడియా ఒక్కటే మాట్లాడండి" అన్నారు. మా ఆవిడకు ఒడియా కూరగాయల బేరానికి సరిపోయేంతే వచ్చు. నాలుగు నెలలు మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని నోరు మూసుకుని కూర్చుంది. జోలపాట కూడా మానేసింది. చూడలేక ఆ నియమం నేనే ఎత్తేశాను. మూడో ఏట రెండూ వచ్చాయి. నేను ఎత్తేసినందువల్లే అని అనను, వాటి వేళకు అవి వచ్చాయి. ఇప్పుడు నాయనమ్మనైతే "నీళ్ళు" అడుగుతాడు, పక్కింటావిడనైతే "పాణి దిఅ" అంటాడు.

బరంపురం నుంచి:
మాస్టారూ, చిన్న పేచీ. ఈతొచ్చు, వంటొచ్చు, సైకిలొచ్చు అనీ అంటాం. అవి నేర్చుకున్నవేగా? పైగా మాటలు ఊరికే రావు. కెనడాలో వెర్కర్, టీస్ అనే ఇద్దరు 1984లో ఓ పరిశోధన ప్రకటించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల ఇంగ్లీషు ఇళ్ళ పిల్లలు హిందీలోని త, ట ల తేడాను పసిగట్టారు. పది, పన్నెండు నెలలకొచ్చేసరికి చాలామందికి ఆ తేడా అందలేదు. ఉయ్యాలలో ఉండగానే చెవి ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో ఏరుకుంటోందన్నమాట.

పర్లాకిమిడి నుంచి:
ఒప్పుకున్నాను. మావాడు కొన్నాళ్ళు "నాన్న వచ్చలేదు" అనేవాడు. మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. "వచ్చాడు" విని, తనే ఓ సూత్రం కట్టుకుని, "రాలేదు"ని పక్కకు నెట్టేశాడు. మేం దిద్దినా వినలేదు, తర్వాత ఎప్పుడో తనే మానేశాడు. కాబట్టి మాట వచ్చిందనే కన్నా వీడే ఎదురెళ్ళి తెచ్చుకున్నాడనాలేమో.

రాయగడ నుంచి:
ఆ డాక్టరుగారి మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. ఇంట్లో పరాయి భాష మాట్లాడటం పిల్లల తెలివికి పెద్ద చేటని అమెరికాలో గుడెనఫ్ అనే మనస్తత్వవేత్త 1926లో రాశారు. ఆ రోజుల్లో తెలివిని కొలిచే పరీక్షలు చాలావరకు వలసవచ్చిన పేద పిల్లలకు సరిగా రాని ఇంగ్లీషులోనే పెట్టేవారు. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ ఇళ్ళ స్తోమతు కూడా చూసుకుని పదేళ్ళ పిల్లల్ని పోల్చితే, రెండు భాషలవాళ్ళే ముందున్నారు. మన పక్కనే కంధమాల్ వైపు అజిత్ మొహంతి అనే మనస్తత్వవేత్త ఖోండు గిరిజన పిల్లల్ని పరిశీలించారు. తమ సొంత భాష కుయి, ఒడియా రెండూ వచ్చినవాళ్ళు ఒక గుంపు, కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలినవాళ్ళు ఇంకో గుంపు. జాతి ఒకటే, బతుకూ ఇంచుమించు ఒకటే. అక్కడా రెండు భాషలవాళ్ళే మెరుగు.

దిద్దుబాటు పరిశోధన పత్రికల్లోనే ఉండిపోయింది, తప్పు మాత్రం మీ ఇంటిదాకా నడిచొచ్చింది. తాము రాసింది ఎవరి వంటింట్లోకి వెళ్తుందో శాస్త్రవేత్తలు కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పుడు గాలి అటు తిరిగింది. రెండు భాషలొస్తే మెదడు పదునెక్కుతుందని ప్రకటనలు! తర్వాతి పెద్ద పరిశోధనలు కొన్నిటిలో ఆ లాభం కనపడలేదు. అదీ చెప్పాలి కదా.

పర్లాకిమిడి నుంచి:
నాకైతే మావాడి నాయనమ్మగారికి జోలపాట తిరిగొస్తే చాలు, పదును సంగతి తర్వాత. అన్నట్టు మా ఊళ్ళోనే గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. ఆయన పెద్దయ్యాక కష్టపడి నేర్చుకున్నారు, ఆ పిల్లలకు వచ్చింది. పసివాడికి మాటలు రావడాన్ని సవరలో ఏమంటారో సవరలుండే గుణుపురం వైపువాళ్ళెవరైనా చెప్పండి. వాళ్ళ క్రియ "రావడమా", "నేర్వడమా", మరొకటా?